ఐరాల వీధిలో అంతర్జాతీయ కారు రేసు

హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన కరెంటు కార్ల రేసు గురించి మీరు వినే ఉంటారు. ఎక్కడెక్కడి దేశాల డ్రైవర్లో వచ్చి, జనం ఆఫీసులకు పోయే రోడ్ల మీదే సిమెంటు దిమ్మెలు పేర్చుకుని, కార్లు ఉరికించి, కప్పులు పట్టుకుని వెళ్ళిపోయారు. వచ్చే ఏడాది మళ్ళీ వస్తామన్నారు. రాలేదు. ఎందుకు రాలేదన్న దాని మీద పత్రికలు రకరకాలుగా రాశాయి. ఒప్పందం అన్నారు, ఖర్చు అన్నారు, ప్రభుత్వం మారింది అన్నారు. చిత్తూరు జిల్లా ఐరాలలో మాత్రం ఎవర్ని అడిగినా ఒక్కటే కారణం చెబుతారు. ఆ కారణం పేరు గిరి. అంటే నేను.

మామూలు మనిషి జీవితంలో మహా అయితే ఒకసారి బండి గుద్దుతాడు. నేను ఒక్క పూటలో విదేశీ కారు ముక్కు, చిత్తూరు వాళ్ళ పెళ్ళిచూపులు, మా మామ పరువు, నా ఉద్యోగం, అన్నీ కలిపి ఒకే దెబ్బకు పగలగొట్టాను. హైదరాబాదు రేసు కూడా ఆ దెబ్బకే పోయిందని మా వాళ్ళ నమ్మకం. అది ఎంతవరకు న్యాయమో అంతా విని మీరే చెప్పండి. నా తరఫున మాట్లాడే మనిషి ఇప్పటిదాకా ఒక్కరూ దొరకలేదు.

అప్పట్లో నేను తిరుపతిలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో సూపర్‌వైజర్ని. సూపర్‌వైజర్ అంటే డ్రైవరు పక్క సీట్లో కూర్చుని నిద్రపోయే మనిషికి ఆఫీసువాళ్ళు ఇచ్చే మర్యాద పేరు. టమాటాలు, మామిడి గుజ్జు డబ్బాలు, గ్రానైట్ పలకలు తోలుకునే మాకు ఆ రేసు ప్రచారం కారును చెన్నై రేవు నుంచి హైదరాబాదు చేర్చే పని ఎట్లా దక్కిందో దేవుడికే తెలియాలి. ప్రచారం కారు అంటే, పైకి చూస్తే అచ్చం రేసు కారే. లోపల మోటారు ఉండదు. జనం పక్కన నిలబడి ఫోటోలు దిగడానికి చేసిన పెద్ద బొమ్మ.

మా ఓనరు నన్ను పిలిచి, "తడ మీదుగా నెల్లూరు రోడ్డు పట్టుకో. యాడా ఆపొద్దు. కారును లారీలోంచి దించొద్దు. ఇది సరిగ్గా చేర్చినావంటే హైదరాబాదు ఆఫీసు నీకే అప్పజెప్తా" అన్నాడు. నేను తల ఊపాను. నా తల ఊపడానికి పెట్టింది పేరు. దాని లోపల ఏం జరుగుతోందో బయటికి తెలియదు.

నిజం చెప్పాలంటే నాకు హైదరాబాదు ఆఫీసు మీద మోజు లేదు. నా మోజంతా ఐరాలలో ఉండే మా మామ కూతురు హేమ మీద. మామ అంటే మా అమ్మ తమ్ముడు, మునస్వామి. చెరకు వేసి, బెల్లం వండి అమ్ముతాడు. ఊరంతటికీ తీపి పంచే ఆ మనిషి నన్ను చూస్తే మాత్రం మొహం చేదుగా పెడతాడు. "లారీల ఎంబడి తిరిగేవానికి నా బిడ్డనియ్యను" అని మా అమ్మకు ఎన్నోసార్లు తేల్చి చెప్పాడు. హేమ అక్కడి గ్రామ సచివాలయంలో పనిచేస్తుంది. ఊళ్ళో వాళ్ళ ఆధార్ తప్పులన్నీ దిద్దుతుంది గానీ, తండ్రి అభిప్రాయం దిద్దడం ఆమె వల్ల కాలేదు.

కారు ఎక్కించుకోవడానికి నేను చెన్నై చేరిన సాయంత్రమే ఆమె ఫోన్ చేసింది.

"బావా, రేపు పొద్దున చిత్తూరు వాళ్ళు నన్ను చూసేదానికి వస్తా ఉండారు. టైల్స్ షాపు అంట. కొత్త కారు కొన్నారంట. నాయన ఆ కారు గురించే మాట్లాడతా ఉండాడు, పెళ్ళికొడుకు గురించి ఒక్క మాట చెప్పలే."

"నీకు ఇష్టమేనా?"

"ఇష్టమైతే నీకెందుకు ఫోన్ చేస్తా? నువ్వేమన్నా చేస్తావా, లేకుంటే నేను చీర ఇస్త్రీ చేసుకునేదా?"

"నేనుండాను గదా" అన్నాను. మగవాడు ఏమీ తోచనప్పుడు అనే మాట ఇదే.

ఏదో ఒకటి తోచాలి కదా. తోచింది మా డ్రైవరు శెల్వం నోటి నుంచి. శెల్వంది నగరి. సగం తెలుగు, సగం తమిళం, మొత్తం మొండితనం. కారును లారీలోకి ఎక్కించి తలుపు మూయబోతుంటే తాళం చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

"అన్నా, ఇది కొత్త బండి గదా? పూజ అయిందా?"

"విదేశం నుంచి వచ్చిందప్పా. ఆడ పూజలు ఎవురు చేస్తారు?"

"అయితే నేను తోలను."

"ఇది నడిచే బండి కాదు శెల్వం. బొమ్మ."

"చక్రాలుండాయా లేదా?"

"ఉండాయి."

"చక్రాలుంటే బండే. పూజ లేని కొత్త బండిని ఎక్కించుకుని పోతే ఏమన్నా అయితే నా లారీకి అవుతాది, ఆ దొరలకు కాదు."

మా జిల్లా సంగతి తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా దగ్గర బండి కొన్నవాడు ముందు కాణిపాకం పోతాడు, తర్వాతే పెట్రోలు బంకుకు పోతాడు. మోపెడ్డు అయినా, ట్రాక్టరు అయినా, జేసీబీ అయినా సరే. పసుపు, కుంకుమ, దండ, హారతి, చక్రాల కింద నిమ్మకాయలు. బండి ముందుకు కదిలి ఆ నిమ్మకాయలు చితికితే అప్పుడు కొబ్బరికాయ కొడతారు. అప్పటికిగానీ అది బండి అనిపించుకోదు. ఆర్టీవో ఇచ్చే నంబరు ఆ తర్వాతి ముచ్చట.

కాణిపాకం పక్కనే ఐరాల. ఐరాలలో పెళ్ళిచూపులు. చిత్తూరు వాళ్ళకు ఒక మామూలు కారు ఉంటే నాకు అంతర్జాతీయ కారు ఉంది. నా తల లోపల ఒక దీపం వెలిగింది. దానికి నూనె ఉందా లేదా అని చూసుకోలేదు.

"పూజ చేయిస్తా పద. చిత్తూరు రోడ్డు పట్టుకో" అన్నాను.

"ఓనరు తడ రోడ్డు అన్నాడు గదన్నా."

"చిత్తూరు రోడ్డు గూడా హైదరాబాదుకే పోతాది. కడప, కర్నూలు మీదుగా. భూగోళం చదవలేదా నువ్వు?"

తెల్లారేసరికి ఐరాల చేరాం. కాణిపాకంలో జనం ఎక్కువగా ఉంటారని శెల్వానికి చెప్పి, మామ ఇంటి ముందే పూజ అన్నాను. అసలు సంగతేమిటంటే, ఆ పూజలో నేను ప్రసన్నం చేసుకోవలసింది మామను. మామ ఇల్లు వీధి మొదట్లో, పెద్ద రోడ్డుకు ఆనుకుని ఉంటుంది. అక్కడి నుంచి వీధి పల్లంగా కిందికి పోతుంది. చివర మామ బెల్లం గానుగ, పక్కనే చెరకు పిప్పి దిబ్బ. ఆ దిబ్బ ముందు చిత్తూరు వాళ్ళ కొత్త కారు, ముందు అద్దానికి ఎర్ర రిబ్బను, లోపల సీట్లకు ఇంకా తియ్యని ప్లాస్టిక్కు కవర్లతో నిలబడి ఉంది.

మేము రేసు కారును వాలుగా వేసిన చెక్క పలక మీదుగా కిందికి దించేసరికి ఇంట్లో కాఫీలు తాగుతున్న వాళ్ళంతా బయటికి వచ్చేశారు. మామ ముందు కారును చూశాడు, తర్వాత నన్ను చూశాడు, మళ్ళీ కారునే చూశాడు.

"ఏందిరా ఇది?"

"రేసు కారు మామా. హైదరాబాదులో అంతర్జాతీయ రేసు జరుగుతుంది గదా, దానిది. నా చేతికే ఇచ్చినారు."

"నీ చేతికా?"

"ఇంగెవురి చేతికిస్తారు మామా" అని శెల్వం వైపు చూశాను. శెల్వం ఆకాశం వైపు చూశాడు.

పెళ్ళికొడుకు నా దగ్గరకు వచ్చాడు. మంచివాడే పాపం. వాడి మీద నాకు ఇప్పుడు ఏ కోపమూ లేదు, అప్పుడు మాత్రం వాడి చొక్కా ఇస్త్రీ మీద కూడా కోపంగా ఉంది.

"ఎంత స్పీడు పోతాదన్నా?" అన్నాడు.

"రోడ్డు సరిపోదు."

"నువ్వు నడిపినావా?"

ఇక్కడ ఆగి ఆలోచించే మనిషైతే నేను ఈ కథ చెప్పవలసిన అవసరమే ఉండేది కాదు. గుమ్మం పక్కన హేమ నిలబడి ఉంది. చీర ఇస్త్రీ అయ్యే ఉంది.

"దినామూ" అన్నాను.

"అయితే పూజ అయినాక ఒక రవ్వ నడిపి సూపించప్పా" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి. "మళ్ళీ ఇట్లాంటిది మేము యాడ సూస్తాం."

"సూపిస్తాడు" అన్నాడు మామ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మామ నన్ను చూసి గర్వపడడం అదే మొదలు. ఆ గర్వాన్ని పాడు చేసి 'అది బొమ్మ మామా' అనే ధైర్యం నాకు లేదు. మీకుంటే మీకు దండం.

పూజారి వచ్చాడు. కారు ముక్కు మీద గంధం, కుంకుమ, ఇంత లావు బంతిపూల దండ. లోపల కూర్చున్న నాకు కూడా బొట్టు పెట్టాడు. ఆ కారులో కూర్చోవడం అంటే కాళ్ళు ముందుకు చాపి తొట్టిలో దిగబడడమే. ఒకసారి దిగితే ఎవరైనా చంకల కింద చేతులు పెట్టి లాగితే తప్ప పైకి రాలేం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. హారతి ఇచ్చారు. పూజారి కొబ్బరికాయ పట్టుకుని, "కదిలించు నాయనా, చితకాల" అన్నాడు.

"ఇట్లాంటి కార్లను మొదట తొయ్యాల సామీ. విదేశాల్లో అదే పద్ధతి" అన్నాను.

శెల్వం నా చెవి దగ్గరికి వంగాడు. "అన్నా, దీనికి బ్రేకు ఉండాదా?"

"గమ్మునుండప్పా. నిమ్మకాయ మందం కదిలేదానికి బ్రేకెందుకు?"

వీధిలో మగవాళ్ళంతా వెనక చేరారు. మా ఊళ్ళో బండి తొయ్యమంటే ఎవరూ కాదనరు, అందులోనూ అంతర్జాతీయ బండి. లారీ ఇసకలో దిగబడినప్పుడు తోసేంత బలంతో తోశారు. అది లారీ కాదు. దాని బరువెంతో కూడా ఎవరికీ తెలియదు. టపటపమని నిమ్మకాయలు చితికాయి. జనం చప్పట్లు కొట్టారు. నేను హేమ వైపు తిరిగి చెయ్యి ఊపాను. ఊపుతూ ఉండగానే హేమ చిన్నదైపోతోంది.

ముందు హేమ ఎందుకు వెనక్కి పోతోందా అనుకున్నాను. తర్వాత ఇల్లు కూడా వెనక్కి పోయింది. అప్పుడు అర్థమైంది.

కాళ్ళతో వెతికాను. బ్రేకు ఉండాల్సిన చోట ఒక రేకు ముక్క ఉంది. తొక్కాను. అది నా తొక్కుడు సహించి ఊరుకుంది. స్టీరింగు తిప్పాను. అది తిరగకుండా ఏకంగా ఊడి నా చేతిలోకి వచ్చింది. ఒక చేత్తో స్టీరింగు పైకెత్తి పట్టుకుని, నుదుటన బొట్టుతో, ముందు పూలదండతో నేను ఐరాల వీధిలో దిగువకు బయలుదేరాను. మోటారు లేదు కాబట్టి చప్పుడు కూడా లేదు. కరెంటు కార్ల గొప్పతనమే అది కదా, చప్పుడు చెయ్యవు. చప్పుడంతా నేనే చేశాను.

"తప్పుకోండి, తప్పుకోండి" అని అరుస్తున్నాను. కోళ్ళు తప్పుకున్నాయి. ఒక మేక తప్పుకోకుండా నన్ను చూసింది. చివరి నిమిషంలో నా మొహం చూసి జాలిపడి జరిగింది. అరుగు మీద కూర్చున్న ఒక అవ్వ పక్కావిడను అడగడం నాకు స్పష్టంగా వినిపించింది.

"ఎవురే ఆ పోతా ఉండేది?"

"మునస్వామి మేనల్లుడు."

"యాడికంట?"

"హైదరాబాదుకంట."

వెనక శెల్వం "అయ్యో మురుగా" అంటూ పరిగెడుతున్నాడు. వాడి వెనక మామ. మామ వెనక ఊరు. సిమెంటు దిమ్మెలు లేకపోయినా, జెండాలు లేకపోయినా, విదేశీ కారు మా జిల్లా వీధిలో ఉరికింది కాబట్టి అది అంతర్జాతీయ రేసే. పాల్గొన్నది ఒక్కడే కాబట్టి గెలుపు కూడా ఖాయం.

పెళ్ళికొడుకు అప్పటికే ముందుగా దిగువకు వెళ్ళి, తన కొత్త కారుకు ఆనుకుని, వెనక రేసు కారు కనబడేలా ఫోనెత్తి సెల్ఫీ దిగుతున్నాడు. ఫోన్లో నేను పెద్దవుతున్నాను. వాడు అది ఫోను గొప్పతనం అనుకుని నవ్వుతూనే ఉన్నాడు. ఎందుకో అనుమానం వచ్చి తల తిప్పి చూసి, చూసిన చూపుకే ఎగిరి చెరకు పిప్పి దిబ్బలోకి దూకాడు. నా కారు ముక్కు పారలాగా పలచగా ఉంటుంది. అది నేరుగా పోయి వాళ్ళ కారు వెనక భాగం కిందికి దూరి, దాన్ని కాస్త పైకెత్తి, రెండింటినీ కలిపి దిబ్బలోకి గుచ్చింది. బంతిపూల దండ ఎగిరి వచ్చి నా మెడలో పడింది.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ముక్కు విరిగింది, కారుదే. దిబ్బలోంచి ముందు పెళ్ళికొడుకు చెయ్యి బయటికి వచ్చింది, చేతిలో ఫోను, అది ఇంకా ఫోటోలు తీస్తూనే ఉంది. మామ ఒగరుస్తూ వచ్చి నిలబడ్డాడు. మామ తిడితే భయం లేదు, తిట్టకపోతేనే భయం. అప్పుడే నా జేబులో ఫోను మోగింది. ఓనరు.

"గిరీ, తడ దాటినారా?"

"దాటినాం సార్. శానా స్పీడుగా పోతా ఉండాం."

"యాడిదాకా వచ్చినారు?"

"నెల్లూరు దగ్గరపడింది సార్."

"నెల్లూర్లో చెరకు పిప్పి ఉంటాదా?" అన్నాడు ఓనరు మెల్లగా. నేను దిబ్బలో చిక్కుకుని ఉండగానే మా వీధి నుంచి బయలుదేరిన వీడియో తిరుపతి చేరిపోయింది. ఆ రోజు ఐరాల నుంచి అనుకున్న చోటికి సకాలంలో చేరిన సరుకు అదొక్కటే.

ఊరివాళ్ళు దిబ్బలోంచి కారును బయటికి లాగాక చిత్తూరు వాళ్ళు తల మీద పిప్పి దులుపుకుంటూ అందులోకి ఎక్కారు. పోతూ పోతూ పెళ్ళికొడుకు తండ్రి మామతో, "మీ ఇంటికి వచ్చేదానికి మాకు అర్హత లేదులే సామీ" అన్నాడు. మామ తల దించుకుని నిలబడ్డాడు. అది చూసి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. నవ్వుల మధ్య చెబుతున్నాను గానీ, ఊరి ముందు ఆయన తల దించింది నేను. నావైపు చూడకుండా, "పో. ఇంగ ఈ వీధి తొక్కొద్దు" అన్నాడు. హేమ పైన గుమ్మం దగ్గరే చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఏడుస్తోందా నవ్వుతోందా అన్నది ఆ దూరం నుంచి తెలియలేదు. ఆ ప్రశ్న చాలా కాలం నన్ను తిననివ్వలేదు.

విరిగిన ముక్కుతో హైదరాబాదు పోలేం కదా. పూతలపట్టు దగ్గర లారీ బాడీలకు మాట్లు వేసే ఒకాయన ముక్కు అతికించి రంగు వేశాడు. చేతివాటం కొద్దీ అడక్కుండానే ముందర ఒక తామరపువ్వు, వెనక 'హారన్ కొట్టుము' కూడా రాసేశాడు. చెరిపించే టైము లేదు. హైదరాబాదులో కారును ప్రదర్శనకు పెట్టినవాళ్ళు అది చూసి, స్థానిక కళను గౌరవించారని తెగ సంబరపడ్డారట. ఆ సంబరం మా ఓనరు చెవిన పడేలోపలే నా ఉద్యోగం పోయింది. మర్నాటి నుంచి చిత్తూరు మార్కెట్లో టమాటా బుట్టలు లారీకి ఎక్కించే పనిలో పడ్డాను.

రేసు మాత్రం జరిగింది. నేను టీవీలో చూశాను. మలుపుల్లో గుద్దుకున్న కార్లు కూడా ఉన్నాయి. ప్రపంచం మెచ్చిన డ్రైవర్లు గుద్దుకుంటే వ్యాఖ్యాత 'అద్భుతమైన పోటీ' అన్నాడు. మేము గుద్దితే 'పో, ఈ వీధి తొక్కొద్దు'. మరుసటి ఏడాది రేసు రద్దయిందని వార్త వచ్చింది. ఆ రోజే మామ దగ్గర నుంచి ఫోను. అంతకాలం తర్వాత.

"పేపరు సూసినావా?"

"సూసినా మామా."

"రేసు ఆగిపోయిందంట. నీ నిర్వాకం ఇది."

"నేనేం చేసినాను మామా?"

"పూజారి చేతిలో కొబ్బరికాయ అట్లే ఉండిపోయింది గదరా. సగంలో నిలిచిపోయిన పూజ. రేసు నిలబడుతుందా? ఈ ఇల్లు మాత్రం నిలబడుతుందా? ఆ దినం నుంచి ఒక్క సంబంధం గడప తొక్కలే. ఎవుర్ని రమ్మన్నా ముందు కారు యాడ నిలపాలని అడగతా ఉండారు."

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"పూజారి ఏమంటాడంటే, పూజ ముగించాలంట. ఆ కారు యాడుండాది?"

"విదేశానికి పోయుంటుంది మామా."

"బొట్టు పెట్టింది కారుకేనా?"

"నాకు గూడా పెట్టినాడు."

"దండ?"

"కారుకే వేసినారు. గుద్దినప్పుడు నా మెడలో పడింది."

"బొట్టూ పడింది, దండా పడింది" అని మామ తనలో తాను లెక్క కట్టుకున్నాడు. అవతల హేమ గొంతు వినిపించింది. "నాయనా, ఇంగ యోచన ఎందుకు? బావను ఇట్లే బయట వదిలితే రేపు ఏ ఊరి మీద పడతాడో. మనింట్లో కట్టేసుకుంటే నాలుగు ఊర్లు బాగుపడతాయి."

"బిడ్డ చెప్పింది విన్నావా?" అన్నాడు మామ. "అమ్మను తోడుకొని రా. లారీలో వద్దు. బస్సులో రా."

మా పెళ్ళి ఐరాలలోనే, అదే పూజారి చేతుల మీద జరిగింది. తాళి కట్టగానే ఆయన నా ముందు కొబ్బరికాయ కొట్టి, చేతులు దులుపుకుని, ఎన్నాళ్ళదో బాకీ తీరినట్టు ఊపిరి వదిలాడు. నేను హేమ వైపు వంగి అడిగాను. ఇంతకాలం గొంతులో ముల్లులా ఉన్న ప్రశ్న.

"ఆ దినం కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చినావా, నవ్వినావా?"

"రెండూ కాదు" అంది. "చిత్తూరు అబ్బాయి దిబ్బలోకి దూకినాడు. నువ్వు మాత్రం కారు పోతా ఉంటే గూడా ముందుకు చూడలే, నా తట్టే చెయ్యి ఊపుతా ఉండావు. ఇట్లాంటి తెలివితక్కువ మనిషిని వేరే పిల్ల మీదికి తొయ్యడం పాపమని అనుకుంటా ఉండాను."

అందుకే, పెళ్ళిపీటల మీద అగ్ని సాక్షిగా, పూజారి సాక్షిగా, పగిలిన కొబ్బరికాయ సాక్షిగా నేను ప్రమాణం చేశాను. మోటారు లేనిది ఏదీ ఎక్కను. మామ ముందు ఏదీ నడిపి చూపించను. దేశంలో ఎక్కడ ఏ రేసు జరిగినా నా బొట్టు, నా నిమ్మకాయలు నా దగ్గరే ఉంచుకుంటాను. ఇక ఎంతమంది వెనక చేరి తోసినా, హేమ చెప్పందే ఒక్క అంగుళం కదలను.